కార్నియా జబ్బు, షుగరు: వంశపటం గీయడం – 4వ పాఠం

గత పాఠంలో ఒక్క జబ్బుకు మూడు తరాల పటం గీశాం. ఈసారి అదే కాగితం మీద రెండు జబ్బులు: కార్నియా (నల్లగుడ్డు మీది తేట పొర) జబ్బు, షుగరు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. పెన్సిలు, రబ్బరు, ఎరుపు, నీలం పెన్నులు దగ్గరుంచుకోండి. పెన్నుతో మాత్రం మొదలుపెట్టొద్దు, మన చుట్టరికాలు మొదటిసారికే కుదురుగా పడవు.

మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, మేనరికానికి జంట గీత మామూలే. కొత్తగా ప్రతి గుర్తునూ నిలువు గీతతో రెండు సగాలు చేయండి. ఎడమ సగం కార్నియాకు, ఎరుపు. కుడి సగం షుగరుకు, నీలం. గుర్తు కింద మూడు అంకెలు వేయాలి: ఇప్పటి వయసు (లేదా పోయినప్పటి వయసు), మసక మొదలైన వయసు, షుగరు బయటపడ్డ వయసు. ఈ అంకెలు లేకపోతే పటం ఉన్నా లేనట్టే. ఎందుకో కింద తెలుస్తుంది.

పరకాల వైపు పల్లె నుంచి 62 ఏళ్ల ఆవిడ వచ్చిందనుకుందాం. అడగాల్సింది ఇలా: "అవ్వా, పొద్దుగాల లేవంగనే మసక ఎక్కువుంటదా? ఎన్ని గంటలకు సాఫైతది? రాత్రి లైట్ల సుట్టూ రంగుల గుండ్రాలు కనవడ్తయా?" పొద్దున మసకగా ఉండి పది, పదకొండుకల్లా తేటపడితే ఫుక్స్ డిస్ట్రోఫీని (తరచు వంశంలో దిగే ఒక కార్నియా జబ్బును) అనుమానించాలి. కార్నియా లోపలి పొరలోని కణాలు నీటిని బయటికి తోడుతుంటాయి. అవి తగ్గితే కార్నియా ఉబ్బుతుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉండటంతో పైనుంచి ఆవిరయ్యే దారి కూడా ఉండదు, అందుకే పొద్దున్నే ఎక్కువ.

ఇక ఆవిడ చెప్పింది: అమ్మకు ఇట్లాగే మసక. అన్నకు షుగరు. అక్కకు మసక. మామకు షుగరు. పెనిమిటికి షుగరు. అత్తగారింట్ల మామకు షుగరు. 38 ఏళ్ల బిడ్డకు 36లో షుగరు బయటపడ్డది. తనకు 50లో షుగరు, 55లో మసక.

ఉన్నదున్నట్టు గీస్తే రెండు తప్పులు పడతాయి. ఆవిడది మేనరికం. ముందు చెప్పిన మామ, అత్తగారింటి మామ ఒక్కరే: అమ్మ తమ్ముడు. రెండుచోట్ల గీస్తే నీలం ఒకటి ఎక్కువవుతుంది. రెండోది "అక్క". ఈ ఒక్క మాట దగ్గరే ఎక్కువ పటాలు చెడిపోతాయి. "ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లేనా, వరుసకా?" అని ప్రతి అక్కకూ, అన్నకూ అడగండి. ఇక్కడ అన్న తోడబుట్టినవాడే, అక్క మాత్రం పెద్దమ్మ (అమ్మకు అక్క) బిడ్డ. పెద్దమ్మ 45 ఏళ్లకే పోయింది. ఫుక్స్ సాధారణంగా 40 దాటాకే మొదలై, చూపు మీద ప్రభావం ఇంకా ఆలస్యంగా చూపిస్తుంది. కాబట్టి పెద్దమ్మ ఎడమ సగాన్ని ఖాళీగా వదలొద్దు, ప్రశ్నార్థకం పెట్టాలి. బిడ్డకూ అంతే.

ఎరుపు దేనికి వేయకూడదో కూడా తెలియాలి. వడ్లగింజ తగిలి పుండై పడ్డ పువ్వుకు వేయొద్దు. శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చిన ఉబ్బుకు వెంటనే వేయొద్దు. అంతకుముందే పొద్దటి మసక ఉండేదా అని అడిగి, డిశ్చార్జి కాగితం చూశాకే వేయాలి. షుగరు నరాలను దెబ్బతీసి కార్నియాకు స్పర్శ తగ్గించినా అది షుగరు చేసిన పని, దానికి ఎరుపు వద్దు. ఆ స్పర్శ చూడటానికి శుభ్రమైన దూది కొసను సన్నగా పురిపెట్టి, పక్కనుంచి తెచ్చి కార్నియాకు తాకించాలి. మొద్దుబార్చే చుక్కలు వేయకముందే ఈ పని అయిపోవాలి. ఎదురుగా తెస్తే దూదిని చూసే రెప్ప వేస్తారు, మీరేమో స్పర్శ ఉందని రాసుకుంటారు.

ఇప్పుడు పటం చదవండి. రెండు రంగులూ ఉన్నవాళ్లను కాదు, ముందు ఒక్క రంగే ఉన్నవాళ్లను వెతకండి. అన్నకు నీలమే. పెద్దమ్మ బిడ్డకు ఎరుపే. అంటే ఈ ఇంట్లో రెండు జబ్బులూ కలిసి దిగడం లేదు. ఎరుపు అమ్మమ్మ తరం నుంచి పై నుంచి కిందికి దిగుతోంది, చెడ్డ జన్యువు ఒక్క కాపీ ఉన్నా జబ్బు వచ్చే పద్ధతి. నీలం అటూ ఇటూ చెదిరింది, టైప్ 2 షుగరు తీరే అది. అయితే షుగరుకు కార్నియాతో సంబంధం లేదని అనుకోవద్దు. జన్యువు వల్ల అప్పటికే బలహీనపడ్డ లోపలి పొరను షుగరు ఇంకా నలుపుతుంది.

ఒక మినహాయింపు ఉంది. మైటోకాండ్రియా (కణంలో శక్తి పుట్టించే భాగం) డీఎన్ఏలో 3243వ స్థానంలో 'ఏ' అక్షరం పోయి 'జీ' వస్తే షుగరు, చెవుడు తల్లివైపు నుంచి దిగుతాయి. కొందరిలో కార్నియా లోపలి పొర కూడా చెడిపోయినట్టు వైద్యులు రాశారు. అందుకే షుగరు ఉన్న ప్రతివారికీ "చెవులు మంచిగ ఇనవడ్తున్నయా?" అని అడగాలి. మన పటంలో మామకు ఆ దారిలో షుగరు రావచ్చు, ఆయనా ఆవిడ అమ్మమ్మ కొడుకే. ఆయన కొడుక్కు, అంటే ఆవిడ పెనిమిటికి, ఆయన నుంచి రాదు. తండ్రి మైటోకాండ్రియా పిల్లలకు అందదు.

జన్యు పరీక్షల రిపోర్టులు చదివేటప్పుడు ఇంకో గోతి ఉంది. ఫుక్స్‌తో ముడిపడ్డది 18వ క్రోమోజోము మీది టీసీఎఫ్4 జన్యువు. అందులో సీటీజీ అనే మూడక్షరాల ముక్క 40 సార్లకు మించి వరసగా మళ్లీ మళ్లీ వస్తే పెరిగినట్టు లెక్క. టైప్ 2 షుగరుకు బాగా ముడిపడ్డది 10వ క్రోమోజోము మీది టీసీఎఫ్7ఎల్2. దీన్ని పాత వ్యాసాల్లో టీసీఎఫ్-4 అనే రాసేవారు! పేరు ఒకటేనని "ఒకే జన్యువు, రెండు జబ్బులు" అని రాసేస్తే అంతా తలకిందులు. క్రోమోజోము అంకె చూడకుండా జన్యువు పేరు పటం మీద ఎక్కించొద్దు.

అభ్యాసం: నర్సంపేట వైపు జంట, భర్త భార్యకు సొంత మేనమామ. ఇద్దరికీ కళ్లు తేట. భర్తకు 48లో షుగరు. నలుగురు పిల్లల్లో ఇద్దరికి 15 ఏళ్లలోపే రెండు కార్నియాలూ మబ్బుపట్టాయి, షుగరు లేదు. పటం గీసి, ఎరుపు ఏ పద్ధతిలో దిగిందో రాయండి. జవాబు 5వ పాఠంలో, 16వ క్రోమోజోము మీది సీహెచ్ఎస్టీ6 జన్యువుతో కలిపి.