సగటు పరమాణు ద్రవ్యరాశి: క్యాలిక్యులేటర్ లేకుండా లెక్క తేల్చే పద్ధతి

ట్యూషన్‌లో ఈ లెక్క బోర్డు మీద రాయగానే నేను పిల్లల్ని పెన్నులు పక్కన పెట్టమంటాను. ముందు అంచనా, తర్వాతే లెక్క.

క్లోరిన్ తీసుకోండి. ప్రకృతిలో దొరికేవి రెండు ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న పరమాణువులు), ద్రవ్యరాశి సంఖ్యలు 35, 37. సగటు ఎంత అని అడిగితే ముందు బెంచీ నుంచి "36 సార్" అని వచ్చేస్తుంది. మూడు బస్తాల సన్నబియ్యంలో ఒక బస్తా దొడ్డుబియ్యం కలిపితే కిలో ధర సరిగ్గా మధ్యలో పడుతుందా? సన్నబియ్యం ధర వైపే మొగ్గుతుంది. ఇక్కడా అంతే. పదివేల క్లోరిన్ పరమాణువుల్లో సుమారు 7,576 క్లోరిన్-35వి, 2,424 క్లోరిన్-37వి. అంటే జవాబు 35కి, 36కి మధ్యే ఉండాలి. ఈ మాట మార్జిన్‌లో రాసుకోండి.

పుస్తకంలోని పద్ధతి తెలిసిందే. శాతాన్ని 100తో భాగించి, ఆ ఐసోటోపు కచ్చితమైన ద్రవ్యరాశితో (క్లోరిన్-35కి 34.969, క్లోరిన్-37కి 36.966) గుణించి, వచ్చినవన్నీ కూడాలి.

34.969 × 0.7576 = 26.4925
36.966 × 0.2424 = 8.9606
మొత్తం = 35.453

కూడాక మళ్లీ రెండుతో భాగించేవాళ్లుంటారు. శాతాన్ని 100తో భాగించినప్పుడే ఆ పని అయిపోయింది, ఇక ముట్టుకోవద్దు.

ఒకప్పటి ఎంసెట్ అయిన ఈఏపీసెట్‌లో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి నేను చేయించేది వేరు. తేలికైన ఐసోటోపును ఆధారంగా పెట్టుకుని, మిగతాది ఎంత ఎక్కువ బరువో అంతవరకే లెక్క వేయాలి. క్లోరిన్‌లో తేడా 1.997. దాన్ని 0.2424తో గుణిస్తే 0.484. 34.969కి కలిపితే అదే 35.453. ఒక్క గుణకారంతో సరి.

మూడు ఐసోటోపులున్నప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మెగ్నీషియంలో 23.985 ద్రవ్యరాశి ఉన్నది 78.99%, 24.986 ఉన్నది 10.00%, 25.983 ఉన్నది 11.01%. మొదటిదాన్ని కదపకండి. రెండోది 1.001 ఎక్కువ, దాన్ని 0.1000తో గుణిస్తే 0.100. మూడోది 1.998 ఎక్కువ, దాన్ని 0.1101తో గుణిస్తే 0.220. ఈ రెండూ 23.985కి కలిపితే మొత్తం 24.305.

ప్రశ్నలో కచ్చితమైన ద్రవ్యరాశి ఇవ్వకపోతే 35, 37 అనే ద్రవ్యరాశి సంఖ్యలే వాడండి. అప్పుడు 35.485 వస్తుంది, కంగారు పడక్కర్లేదు. 3:1 నిష్పత్తి ఇస్తే 35.5. ఆప్షన్లలో ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తే, ప్రశ్న ఏ అంకెలు ఇచ్చిందో మళ్లీ చదవండి.

తిరగేసి అడిగే ప్రశ్న నాకు ఇష్టం. బోరాన్ సగటు 10.81, ఐసోటోపులు 10.013, 11.009. బరువైనదాని శాతం ఎంత? సగటు నుంచి తేలికైనదాన్ని తీసేస్తే 0.797. రెండింటి మధ్య తేడా 0.996. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి, దాదాపు 80%. ఎక్స్, వై అంటూ సమీకరణాలు కట్టే అవసరమే లేదు.

బ్రోమిన్ సగటు 79.904 చూసి అందులో ఎక్కువ భాగం బ్రోమిన్-80 అనుకోకండి. సహజంగా దొరికే బ్రోమిన్‌లో ఉన్నవి 79, 81 మాత్రమే, చెరిసగానికి కాస్త అటూ ఇటుగా.

ఇక రాగి మీ వంతు: 62.930 (69.15%), 64.928 (30.85%). 63.546 రాకపోతే ముందు దశాంశ బిందువు ఎక్కడ పెట్టారో చూడండి.