సొంతంగా అచ్చు వేసుకున్న పిల్లల పుస్తకాన్ని తిరుపతి, చిత్తూరు పిల్లల చేతికి చేర్చడం ఎలా

పిల్లల పుస్తకానికి డబ్బిచ్చేది పెద్దవాళ్లు. కొనమని మారాం చేసేది పిల్లలు. ఆ మారాం మొదలవ్వాలంటే కథ ముందు పిల్లల చెవిన పడాలి. అందుకే ఫేస్‌బుక్ ప్రకటనలకు పెట్టాలనుకున్న డబ్బును, ఓపికను బడిలో కథ చదవడానికి పెట్టండి.

కొన్ని పనులు అచ్చుకు ముందే అయిపోవాలి. పుస్తకానికి ఉండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది, మధ్యవాళ్లకు డబ్బు కట్టొద్దు. "మావాడికి తెలుగు చదవడం రాదండీ" అన్నది ఇంగ్లీషు మీడియం ఇళ్లలో తరచూ వినిపించే మాట. దానికి జవాబు పుస్తకంలోనే ఉండాలి: అక్షరం 18 పాయింట్లకు తగ్గకూడదు, వెనక అట్ట లోపల క్యూఆర్ కోడ్ ఉండాలి, స్కాన్ చేస్తే మీరు నెమ్మదిగా చదివిన కథ వినపడాలి. ఆ ఆడియో గూగుల్ డ్రైవ్‌లో ఉంటే, లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా పెట్టండి. లేకపోతే ఫోన్‌లో "అనుమతి కావాలి" అని వస్తుంది, అక్కడితో ఆ అమ్మ వదిలేస్తుంది. వేరే ఫోన్లలో పరీక్షించాకే అచ్చుకు పంపండి.

ధర 120 అనుకుందాం. పుస్తకాల షాపుకు కమీషన్ 35 శాతం పోతే మీకు వచ్చేది 78. ప్రతికి అచ్చు ఖర్చు 45 అయితే మిగిలేది 33, అందులోంచే ఆటో ఛార్జీలు, పోస్టు ఖర్చు. 300 ప్రతులు వేస్తే 25 ఉచితంగా ఇవ్వడానికని ముందే పక్కన పెట్టేయండి. అడిగిన చుట్టాలందరికీ పంచితే బడి లైబ్రరీకి ఇచ్చే వేళకు చేతిలో ఏమీ ఉండదు.

ఇక బడి సంగతి. హెడ్మాస్టరుకు ఒక పేజీ ఉత్తరం, ఒక ప్రతి ఇచ్చి అడగండి. ప్రభుత్వ బడి అయితే మండల విద్యాధికారికి కూడా చెప్పి వెళ్లడం మంచిది. జూన్‌లో అడ్మిషన్ల హడావుడి, మార్చిలో పరీక్షలు, ఆ నెలలు వద్దు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14 బాలల దినోత్సవం అందరికీ గుర్తొస్తాయి గానీ, ఆ రోజు పాటలు, ఉపన్యాసాల మధ్య మీకు పది నిమిషాలు కూడా దక్కవు. ఆ వారంలో ఇంకో రోజు అడగండి. నో బ్యాగ్ డే ఉన్న శనివారం అన్నిటికంటే అనువు.

ఒక్క తరగతి, 35 మందికి మించకుండా, 3 నుంచి 5 తరగతుల పిల్లలు. "బడి మొత్తాన్నీ గ్రౌండులో కూర్చోబెడతాం సార్" అంటే మర్యాదగా వద్దనండి, అక్కడ మీ గొంతూ అందదు, బొమ్మా కనపడదు. పుస్తకంలోని బొమ్మ మూడో వరస దాటితే ఆనదు కాబట్టి, ముఖ్యమైన 5 బొమ్మలు ఏ3 సైజులో ప్రింటు తీయించి అట్టకు అంటించుకోండి. బడిలో డిజిటల్ ప్యానెల్ ఉంటే పెన్‌డ్రైవ్ చాలు, అయినా అట్టలు తీసుకెళ్లండి, కరెంటును నమ్మలేం. 40 నిమిషాల పీరియడ్‌లో ముందు 5 నిమిషాలు కబుర్లు, 12 నిమిషాలు కథ, మిగతాదంతా పిల్లలది: బొమ్మ వేయడం, ఒక ఘట్టాన్ని ఆడి చూపడం. కథలో సంగటి, ఊరిబిండి, అనపకాయలు లాంటి ఇక్కడి తిండి మాటలు ఉంటే అక్కడ ఆగండి. తమ ఇంటి మాట పుస్తకంలో కనపడితే పిల్లలు వదలరు. ముగింపు దాచిపెట్టి "కొనుక్కుని చదవండి" అనడం మాత్రం పిల్లలకు చేసే అన్యాయం. కథ పూర్తిగా చెప్పండి, నచ్చిన కథను పిల్లలు పదిసార్లు అడుగుతారు.

తరగతిలో అమ్మకం పెట్టొద్దు. కొనలేని పిల్లలు చిన్నబోతారు. ప్రభుత్వ బడిలో లైబ్రరీకి రెండు ప్రతులిచ్చి రండి. ప్రైవేటు బడిలో యాజమాన్యం ఒప్పుకుంటే పావు ఏ4 చీటీ ఇంటికి పంపండి: ధర, యూపీఐ కోడ్, బిడ్డ పేరు, తరగతి, చివరి తేదీ. వారం లోపల పుస్తకాలు అందాలి. ప్రతి పుస్తకంలో ఆ బిడ్డ పేరు రాసి సంతకం చేయండి.

బడి బయట బాగా పనిచేసే చోటు పిల్లల డాక్టరు క్లినిక్. వెయిటింగ్ హాల్లో, అట్టకు లామినేషన్ చేయించి "చదివి ఇక్కడే ఉంచండి" అన్న స్టిక్కరు, మీ వాట్సాప్ నంబరు అంటించిన ఒక ప్రతి ఉంచమని అడగండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, నెల ముందే మీ దగ్గరి శాఖా గ్రంథాలయంలో కథల గంట అడగండి. తిరుమల యాత్రికుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, వాళ్ల తొందర దర్శనం, లడ్డూ, బస్సు.

వాట్సాప్ గ్రూపుల్లో మూడు పేజీల ఫొటోలు, 30 సెకన్ల ఆడియో చాలు. పూర్తి పీడీఎఫ్ ఒక్కరికి పంపినా ఊరంతా తిరుగుతుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ముఖాలు పెట్టొద్దు. పత్రికల పుస్తక పరిచయాలకు రెండు ప్రతులు పంపండి.

తిరుపతి గాంధీ రోడ్డు షాపుల్లో 5 ప్రతులకు మించి అరువు పెట్టకండి. తేదీ, సంఖ్య రాసి సంతకం తీసుకోండి, నెలకోసారి వెళ్లి అల్మరాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. షాపుల్లో ఉన్నవాటిని అమ్ముడైనట్టు లెక్కేసుకుని రెండో ముద్రణకు వెళ్లొద్దు, మూలలు నలిగినవి మీ ఇంటికే తిరిగొస్తాయి.