బొంత కుట్టేవారికి గట్టి ఇస్త్రీ పలక

చీర ముక్కలను అతికి బొంత కుట్టేవారికి బజారులో దొరికే ఇరుకైన, మెత్తటి ఇస్త్రీ బల్ల సరిపోదు. మెత్త ఎక్కువైన చోట పెట్టె బరువుకు గుడ్డ కుంగి, ఏటవాలుగా కత్తిరించిన అంచులు సాగిపోతాయి. అలా సాగిన ముక్కలను ఎంత జాగ్రత్తగా కుట్టినా అతుకుల మూలలు కలవవు. అందుకే పలక గట్టిగా, చదునుగా, వెడల్పుగా ఉండాలి.

ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు నుంచి నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు గల పలకలు నాలుగు వస్తాయి కాబట్టి, తోటి కుట్టుపనివారితో కలిసి కొంటే ఖర్చు తగ్గుతుంది. 44 అంగుళాల పన్నా బట్టను ఈ పలక పొడవున మడత లేకుండా పరచవచ్చు. 18 మిల్లీమీటర్ల మందం, నీటిని తట్టుకునే రకం తీసుకోండి. చెక్కపొట్టును అదిమి చేసిన బోర్డు ఆవిరికి ఉబ్బుతుంది. అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

పలక మీద వేసే పొరలే ఈ పనికి ప్రాణం. అడుగున పాత గొంగడి వేయడం నాకు అన్నిటికన్నా మంచిదనిపిస్తుంది; ఉన్ని వేడికి కరగదు, ఆవిరి తేమను పీల్చుకుంటుంది, వేడిని నిలిపి బట్ట అడుగు వైపు నుంచి కూడా అందిస్తుంది. గొంగడి నేతలో ఉన్ని దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు గనుక, కొత్తదైతే నానబెట్టి, ఉతికి, పూర్తిగా ఆరనివ్వాలి. దాని నూగు పైకి పొడుచుకు రాకుండా ఒక నూలు దుప్పటి పొర వేయండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానాను ఇందుకోసం కోయవద్దు. అంత చక్కటి నేతను పాడుచేయడం అటుంచి, దాని మందపాటి గీతలు పలుచటి బట్ట మీద అచ్చుపడతాయి. ఫోమ్, పాలిస్టర్ దూది అసలే వద్దు, అవి వేడికి కరుగుతాయి. పొరలన్నీ కలిపి అర అంగుళం మించకూడదు.

ఈ పొరలను పలక కొలతకే కత్తిరించండి. పైన కప్పే కోరా బట్టను ముందే వేడినీటిలో ఉతికి కుదించి, నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉంచి కోయండి. పలకను బోర్లించి, ముందు నాలుగు అంచుల మధ్యభాగాలలో బట్టను ఎదురెదురుగా లాగి స్టేపిల్ పిన్నులు కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు రెండేసి అంగుళాల ఎడంతో సాగండి. మూల నుంచి మొదలుపెడితే బట్ట వంకరపోతుంది. మాడిన మరకలు పడినప్పుడు తీసి ఉతకడానికి వీలుగా, దీనిపై నాడా దూర్చిన మరో తొడుగు వేసుకోవాలి.

అతుకులను ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ముందుకూ వెనక్కూ జరపకుండా, ఆనించి ఎత్తండి. పని ముగిశాక తేమ పూర్తిగా ఆరేవరకు పలకను పరచి ఉంచి, ఆ తరువాతే గోడకు నిటారుగా నిలబెట్టండి. తడితోనే ఏటవాలుగా ఆనిస్తే ప్లైవుడ్ వంగుతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది.