ఇంటర్నెట్ కనెక్షన్‌ను వదిలించుకోవడం ఎలా?

ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోవడానికి ఒక్క ఫోను కాల్ చాలు. అదే కనెక్షన్ వద్దనుకున్నప్పుడు యాప్‌లో ఎంత వెదికినా రద్దు అన్న మాటే కనిపించదు, కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఒకరి నుంచి మరొకరికి కాల్ బదిలీ అవుతూ పోతుంది, చివరికి "మా వాళ్లు మీకు ఫోను చేస్తారు" అన్న హామీతో ఆ పూట గడిచిపోతుంది, నెల తిరిగేసరికి మళ్లీ బిల్లు వస్తుంది. ఇలా విసిగిపోయినవారిలో చాలామంది డబ్బు కట్టడం మానేసి ఊరుకుంటారు. దానితో సమస్య తీరకపోగా కొత్త చిక్కు మొదలవుతుంది. రద్దు అనేది కంపెనీ దయతలచి ఇచ్చే అనుమతి కాదు. వినియోగదారు తేదీ వేసి ఇచ్చే నోటీసు. నోటీసు ఇచ్చినట్టు, అది వారికి అందినట్టు రాతపూర్వకమైన ఆధారం చేతిలో ఉంటే తక్కిన పని చాలావరకు తేలికవుతుంది. ఆ ఆధారం లేనంతకాలం ఫోనులో ఎన్ని గంటలు మాట్లాడినా రద్దు జరిగిందని నమ్మకూడదు.

ఈ ఇబ్బంది పొరపాటున వచ్చినది కాదన్న సంగతి ముందుగా గ్రహించాలి. ఉన్న చందాదారు చేజారకుండా చూసుకోవడం కొత్తవారిని వెదికి తెచ్చుకోవడం కంటే చవక కాబట్టి, పెద్ద కంపెనీలు రద్దు కాల్స్‌ను రిటెన్షన్ విభాగానికి మళ్లిస్తాయి. వెళ్లిపోతామన్నవారిని ఆపడమే ఆ విభాగం పని. వెబ్‌సైట్లలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. చేరడానికి పెద్ద రంగు బటన్, మానుకోవడానికి పేజీ అడుగున కంటికి ఆనని లింకు. ఇటువంటి ఎత్తుగడలకు వెబ్‌సైట్ల రూపకల్పన నిపుణుడైన హ్యారీ బ్రిగ్నల్ 2010లో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టారు. అమెరికాలో వినియోగదారుల ప్రయోజనాలు కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్‌పై వేసిన దావాలో, ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఐచ్ఛికాలు దాటుకుంటూ పోవలసి వచ్చేదనీ, ఆ ప్రక్రియను సంస్థ లోపల, సుదీర్ఘమైన ప్రాచీన గ్రీకు యుద్ధకావ్యం పేరుతో, ఇలియడ్ అని పిలుచుకునేవారనీ ఆరోపించింది. ఆ కేసు 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. కనుక రద్దు బటన్ దొరకనప్పుడు తమకు యాప్ వాడటం చేతకాదని ఎవరూ చిన్నబుచ్చుకోనవసరం లేదు. ముఖ్యంగా పెద్ద వయసువారు అలా అనుకుని, ఎవరినీ అడగలేక, వాడని కనెక్షన్‌కు నెలనెలా డబ్బు కడుతూ ఉండిపోవడం చాలా బాధ కలిగించే విషయం.

ఫోను చేయడానికి ముందు

మొదట ఒప్పంద పత్రాన్ని, అది దొరక్కపోతే కనెక్షన్ తీసుకున్నప్పుడు వచ్చిన ఈమెయిల్‌ను బయటికి తీయాలి. కనీస కాలపరిమితి ఇంకా మిగిలి ఉందా, ఉంటే ముందే మానుకున్నందుకు ఎంత కట్టాలి అన్నది చూడాలి. రద్దుకు ఎన్ని రోజుల ముందు తెలియజేయాలో కూడా అందులోనే ఉంటుంది. చాలా ఒప్పందాల్లో ఇది 30 రోజులు. కొన్నింటిలో బిల్లు తేదీతో ముడిపెడతారు, అటువంటప్పుడు బిల్లు పడిన మరునాడు నోటీసు ఇస్తే అదనంగా ఇంకో నెల చార్జీ మీద పడవచ్చు. రూటర్, మోడెమ్ ఎవరివో, వాటికోసం కట్టిన డిపాజిట్ తిరిగి వస్తుందో రాదో కూడా గుర్తించి పెట్టుకోవాలి.

కాలపరిమితి మిగిలి ఉన్నంత మాత్రాన ముందస్తు రద్దు రుసుము కట్టి తీరాలని వెంటనే ఒప్పుకోవద్దు. కంపెనీ తనంతట తాను ధర పెంచినా, మీరు మారుతున్న చిరునామాలో వారి సేవలు అందకపోయినా, ఒప్పుకున్న వేగం ఎంతోకాలంగా అందకపోతున్నా రుసుము మాఫీ చేయమని గట్టిగా అడగవచ్చు. వేగం గురించి వాదించాలంటే రుజువు కావాలి. వై-ఫై మీద చేసిన స్పీడ్ టెస్ట్‌ను గోడలు అడ్డొచ్చి సిగ్నల్ తగ్గిందని తోసిపుచ్చుతారు కాబట్టి, కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేళల్లో కొన్ని రోజులపాటు పరీక్షించి, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి.

ఆ కనెక్షన్ మీద ఇంకేమేమి ఆధారపడి ఉన్నాయో చూసుకోవడం చాలామంది మరచిపోయే పని. కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామాను బ్యాంకు, బీమా, పిల్లల చదువు వంటి వాటికి ఇచ్చి ఉంటే, కనెక్షన్ పోయాక ఆ చిరునామా కూడా పోయే ప్రమాదం ఉంది. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి వచ్చే సందేశాలు సైతం అందవు. కాబట్టి వేరే చిరునామాకు అన్నింటినీ మార్చుకున్న తరువాతే రద్దు మాట ఎత్తాలి. అదే ప్యాకేజీలో ల్యాండ్‌లైన్ ఉండి, ఆ నంబరు నిలుపుకోవాలనుకుంటే, నంబరు కొత్త కంపెనీకి బదిలీ అయ్యేదాకా పాత ఖాతాను మూయించకూడదు. పాత బిల్లులన్నీ కూడా ఈలోగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి; ఖాతా మూతపడితే యాప్‌లోకి ప్రవేశమే ఉండకపోవచ్చు. కొత్త కనెక్షన్ వచ్చి, రెండు మూడు రోజులు సరిగా పనిచేశాక పాతదానికి నోటీసు ఇవ్వడం మేలు.

నోటీసు ఎలా రాయాలి

ఇది పొడవుగా ఉండనవసరం లేదు. ఈ నాలుగు వాక్యాలు సరిపోతాయి:

"నా పేరు మీద ఫలానా ఖాతా సంఖ్యతో ఉన్న ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఫలానా తేదీ నుంచి రద్దు చేస్తున్నాను. ఈ లేఖను మన ఒప్పందం ప్రకారం ఇచ్చిన నోటీసుగా పరిగణించండి. ఆ తేదీ తరువాతి కాలానికి చార్జీలు వేయడానికి గాని, నా బ్యాంకు ఖాతా నుంచి లేదా కార్డు నుంచి సొమ్ము తీసుకోవడానికి గాని నా అనుమతి లేదు. ఈ నోటీసు అందినట్టు ధ్రువీకరిస్తూ, రద్దు అమలయ్యే తేదీ, రిఫరెన్స్ నంబరు, చివరి బిల్లు మొత్తం, పరికరాలు అప్పగించవలసిన విధానం రాతపూర్వకంగా తెలియజేయండి."

ఇందులో "రద్దు చేయగలరని కోరుతున్నాను" అన్న మాట లేదని గమనించండి. కోరితే వారు పరిశీలిస్తామంటారు, పరిశీలనకు గడువు ఉండదు. కారణం కూడా రాయలేదు. రుసుము మాఫీ అడుగుతున్నప్పుడు తప్ప కారణం చెప్పవలసిన అవసరం సాధారణంగా ఉండదు, పైగా చెప్పిన ప్రతి కారణానికీ వారి దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ధర ఎక్కువంటే తగ్గింపు ఇస్తామంటారు, వేగం చాలదంటే ప్లాన్ మారుస్తామంటారు, ఊరు మారుతున్నామంటే అక్కడికీ కనెక్షన్ మారుస్తామంటారు. ఆ తగ్గింపు నిజంగా మీకు పనికొచ్చేదైతే తీసుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే దానితోపాటు కొత్తగా ఏడాది కాలపరిమితి మొదలవుతుందేమో అడిగి తెలుసుకోవాలి.

నోటీసును ఒప్పందంలో ఇచ్చిన ఈమెయిల్ చిరునామాకు పంపడంతోపాటు, అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో తపాలా ద్వారా కూడా పంపితే మరీ మంచిది. వెబ్‌సైట్‌లో ఫారం నింపి పంపేటప్పుడు, పంపడానికి ముందొకటి, పంపాక కనిపించే తెర మీదిదొకటి స్క్రీన్‌షాట్ తీయాలి, ఎందుకంటే అటువంటి ఫారాలు చాలావరకు మన దగ్గర ప్రతిని మిగల్చవు. పరిచయమున్న టెక్నీషియన్‌కు నోటితో చెప్పడం, ఆయన వాట్సాప్‌కు సందేశం పెట్టడం నోటీసు కిందికి రావు.

ఫోను ద్వారానే రద్దు చేస్తామని కంపెనీ పట్టుబడితే, నోటీసు పంపిన తరువాతే ఫోను చేయాలి. అవతలివారు ఉద్యోగధర్మంగానే మాట్లాడుతున్నారు కాబట్టి కోపగించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకే మాటను మర్యాదగా, మార్చకుండా చెప్పడం పనిచేస్తుంది. సంభాషణ ఇంచుమించు ఇలా నడుస్తుంది.

"మేడమ్, మీ ఇబ్బంది ఏమిటో చెప్తే మేము సరిచేస్తాం."

"ఇబ్బందేమీ లేదండీ. కనెక్షన్ రద్దు చేస్తున్నాను. నోటీసు నిన్ననే ఈమెయిల్‌లో పంపాను. ఏ తేదీ నుంచి రద్దవుతుందో, రిఫరెన్స్ నంబరు ఎంతో చెప్పండి."

"మూడు నెలలు సగం ధరకే ఇస్తాం మేడమ్."

"వద్దండీ. రద్దు తేదీ, రిఫరెన్స్ నంబరు చెప్పండి."

"సిస్టమ్‌లో రిక్వెస్ట్ పెడతాను మేడమ్, మా టీమ్ వాళ్లు కాల్ చేస్తారు."

"సరే, ఆ రిక్వెస్ట్ నంబరు ఇవ్వండి, నేను రాసుకుంటున్నాను. మీ పేరు కూడా చెప్పండి."

కాల్ ముగియగానే, ఎవరితో ఏ సమయానికి మాట్లాడారో, వారు ఏ తేదీ చెప్పారో రాస్తూ అదే ఈమెయిల్‌కు కొనసాగింపుగా ఇంకొకటి పంపాలి. నోటిమాట ఆ విధంగా రికార్డులోకి ఎక్కుతుంది.

చట్టం ఏమంటోంది

దేశాన్ని బట్టి నియమాలు మారుతాయి కాబట్టి మీరున్నచోట ఏముందో తెలుసుకుని, నోటీసులో ఒక వాక్యంగా చేర్చడం ఉపయోగకరం. జర్మనీలో 2022 జూలై 1 నుంచి, ఆన్‌లైన్‌లో చందాలు అమ్మే సంస్థలు రద్దు బటన్‌ను కూడా వెబ్‌సైట్‌లో స్పష్టంగా చూపించాలి, రద్దు అందినట్టు వెంటనే ధ్రువీకరణ పంపాలి. ఆ బటన్ పెట్టకపోతే వినియోగదారు నోటీసు గడువుతో పనిలేకుండా ఎప్పుడైనా ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. భారతదేశంలో 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాలు 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను నిషేధించాయి, రద్దును అసాధ్యంగానో అతి క్లిష్టంగానో మార్చే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ వాటిలో ఒకటి. అమెరికాలో చేరినంత సులువుగా మానుకునే వీలుండాలంటూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో తెచ్చిన నిబంధనను, రూపకల్పనలో పాటించవలసిన ప్రక్రియను పాటించలేదన్న కారణంతో, 2025 జూలైలో అప్పీలు కోర్టు కొట్టివేసింది. చందాదారుల విషయంలో న్యాయంగా ఉన్న నిబంధన అలా పూర్తిగా అమలుకు రాకముందే పోవడం విచారకరం. అయితే కాలిఫోర్నియాలో ఆన్‌లైన్‌లో చేరినవారికి ఆన్‌లైన్‌లోనే రద్దు చేసుకునే హక్కు 2018 జూలై నుంచే ఉంది.

పరికరాల అప్పగింత

రద్దు తరువాత వచ్చే తగాదాల్లో పెద్ద భాగం రూటర్ చుట్టూ తిరుగుతుంది. తిరిగి ఇచ్చేసిన పెట్టెకు నెలల తరువాత డబ్బు కట్టమని లేఖ వస్తే, ఇచ్చామని నిరూపించుకోవలసిన భారం మన మీదే పడుతుంది. రూటర్‌ను తిరగేస్తే అడుగున ఒక స్టిక్కర్ మీద బార్‌కోడ్, దాని కింద సీరియల్ నంబరు ఉంటాయి. ఆ అంకెలు స్పష్టంగా చదవగలిగేలా ఫోటో తీయాలి. తరువాత అడాప్టర్, కేబుళ్లు, రూటర్ అన్నీ ఒకచోట పెట్టి మరొక ఫోటో తీయాలి, ఎందుకంటే అడాప్టర్ ఒక్కటి తక్కువైందని డిపాజిట్ ఆపిన సందర్భాలు ఉంటాయి. వెనుక సన్నటి రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను పిన్నుతో కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే మీ వై-ఫై పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. అప్పుడు మాత్రమే పరికరాన్ని అప్పగించి, సీరియల్ నంబరు, తేదీ, సంతకం ఉన్న రసీదు తీసుకోవాలి. తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి రసీదు పుస్తకం తేలేదంటే, తెల్ల కాగితం మీద రాసి సంతకం తీసుకున్నా చెల్లుతుంది. ఎవరూ రాకపోతే, ఎన్ని రోజుల్లోగా వచ్చి తీసుకెళ్లాలో మీరే గడువు పెట్టి ఈమెయిల్ రాయాలి.

ఖాతాదారు చనిపోయినప్పుడు

తండ్రో, తల్లో, జీవిత భాగస్వామో పోయిన ఇంట్లో వారి పేరు మీదున్న కనెక్షన్‌ను మూయించడానికి ఫోను చేస్తే, "ఖాతాదారుతోనే మాట్లాడాలి" అన్న జవాబు వస్తుంది. ఖాతాదారు లేరని చెప్పిన తరువాత కూడా, ఆయన నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పమంటారు. దుఃఖంలో ఉన్నవారికి ఈ మాటలు ఎంత కష్టంగా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటప్పుడు ఫోను మీద వాదించవద్దు. మరణ ధ్రువీకరణ పత్రం నకలు, చివరి బిల్లు, రాస్తున్నవారి గుర్తింపు పత్రం, మరణించినవారితో బంధుత్వాన్ని తెలిపే ఆధారం జతచేసి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి నేరుగా రాయాలి. కాలపరిమితి పేరుతో రుసుము అడిగితే మినహాయింపు కోరాలి. చనిపోయినవారి మొబైల్ నంబరును అన్ని ఖాతాల పనులూ పూర్తయ్యేదాకా నిలిపివేయకుండా ఉంచడం కుటుంబానికి ఎంతో శ్రమ తప్పిస్తుంది. ఈ పనిని ఇంట్లో కాస్త నిబ్బరంగా ఉన్నవారు ఎవరైనా తీసుకుంటే మంచిది.

చివరి బిల్లు, ఆటో పే

బ్యాంకులో ఆటో పే ఆపినంత మాత్రాన ఒప్పందం ముగియదు. కంపెనీ లెక్కలో అది బకాయిగా పేరుకుపోయి, వసూలు సంస్థల చేతికి వెళ్లి, కొన్ని చోట్ల క్రెడిట్ స్కోరును కూడా దెబ్బతీస్తుంది. కాబట్టి వరుస ముఖ్యం: ముందు నోటీసు, తరువాత రద్దు ధ్రువీకరణ, ఆపైన చివరి బిల్లు పరిశీలన, ఆ తరువాతే ఆటో పే తొలగింపు. చివరి బిల్లులో రద్దు తేదీ తరువాతి రోజులకు చార్జీ వేశారా, ముందుగా కట్టిన సొమ్ములో మిగిలినదాన్ని లెక్కగట్టారా, డిపాజిట్ సర్దుబాటు చేశారా అన్నవి చూసి, సరిగా ఉంటే చెల్లించి, బకాయి ఏమీ లేదన్న పత్రం అడిగి తీసుకోవాలి.

ఆ తరువాతి రెండు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లను గమనిస్తూ ఉండాలి. మళ్లీ సొమ్ము పోతే, కంపెనీకి ఒక్కసారి రాసి తక్కువ గడువు ఇచ్చి, జవాబు రాకపోతే బ్యాంకును ఆశ్రయించాలి. కార్డు వివాదాలకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి ఇందులో జాప్యం పనికిరాదు. అనుమతి ఉపసంహరించుకున్న తేదీ నోటీసులోనే ఉంది గనుక, దాని నకలు, రద్దు ధ్రువీకరణ, పరికరాల రసీదు జతచేస్తే బ్యాంకుకు విషయం వెంటనే అర్థమవుతుంది. కంపెనీలోని పై స్థాయి ఫిర్యాదుల అధికారికి, అక్కడా తేలకపోతే మీ ప్రాంతంలోని టెలికాం నియంత్రణ సంస్థకో వినియోగదారుల ఫోరానికో పెట్టే ఫిర్యాదుకు కూడా ఇవే కాగితాలు, తేదీల వరుసలో, ఒక పేజీకి మించని వివరణతో జతచేసి పంపాలి.