గుంటకొక జనరేటర్: మల్టీథ్రెడ్ ప్రోగ్రాముల్లో ర్యాండమ్ సంఖ్యలు

నెల్లూరు తీరంలోని రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత పడిపోవచ్చో, ఏరేటర్లు ఏ వేళకు తిప్పాలో అంచనా కట్టే సిమ్యులేషన్ ఒకటి రాస్తూ, ఎనిమిది గుంటలకు ఎనిమిది థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనుల దారులు) పెట్టాను. వాటిలో మూడు గుంటల అంకెలు చివరి దశాంశం దాకా ఒకేలా వచ్చాయి. ప్రతి థ్రెడ్‌లోనూ అప్పటి సమయాన్ని మిల్లీసెకన్లలో తీసుకుని సీడ్‌గా (ర్యాండమ్ సంఖ్యల జనరేటర్ తన వరుసను మొదలుపెట్టే సంఖ్యగా) ఇవ్వడమే నేను చేసిన పొరపాటు. ఒకే మిల్లీసెకనులో మొదలైన థ్రెడ్లకు ఒకే సీడ్ అందింది. సీడ్ ఒకటైతే వచ్చే వరుసా ఒకటే.

అలాగని అందరికీ ఉమ్మడిగా ఒకే జనరేటర్ పెట్టడం మంచిది కాదు. జావాలోని మామూలు ర్యాండమ్ క్లాసు ఉమ్మడి వాడకంలో చెడిపోదు కానీ, దాని 48 బిట్ల సీడ్‌ను మార్చడానికి థ్రెడ్లన్నీ పోటీపడి, వెనకబడినవి మళ్లీ ప్రయత్నించాల్సి రావడంతో వేగం తగ్గుతుంది. డాట్‌నెట్‌లో మనం సృష్టించుకున్న ర్యాండమ్ ఆబ్జెక్టును లాక్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే అనుమతించే అడ్డు) లేకుండా పంచుకుంటే లోపలి స్థితి పాడై సున్నాలే రావచ్చు.

జావా 7 నుంచి, ప్రతి థ్రెడ్‌కూ సొంత జనరేటర్ ఇచ్చే థ్రెడ్‌లోకల్‌ర్యాండమ్ ఉంది. సంఖ్య కావలసిన చోటనే, ఆ థ్రెడ్‌లోనే కరెంట్ మెథడ్‌ను పిలవండి. దాన్ని స్టాటిక్ ఫీల్డులో దాచి పంచవద్దు. డాట్‌నెట్ 6 నుంచి, థ్రెడ్లన్నీ భయం లేకుండా పంచుకోగల ర్యాండమ్.షేర్డ్ సరిపోతుంది. సీ ప్లస్ ప్లస్ 11లో మెర్సెన్ ట్విస్టర్ అనే జనరేటర్‌ను థ్రెడ్‌లోకల్‌గా (ఒక్కో థ్రెడ్‌కు ఒక్కోటిగా) ప్రకటించండి. దాని స్థితి 624 పదాలంత పెద్దది కాబట్టి పిలిచిన ప్రతిసారీ కొత్తది సృష్టించకూడదు.

రేపు కూడా ఇవే ఫలితాలు రావాలంటే జనరేటర్‌ను థ్రెడ్‌కు కాక పనికి, అంటే ఇక్కడ గుంటకు, కట్టాలి. ఏ థ్రెడ్ ఏ గుంటను అందుకుంటుందో థ్రెడ్ పూల్ (పనులను థ్రెడ్లకు పంచే ఏర్పాటు) ఇష్టం. జావా 8లోని స్ప్లిటబుల్‌ర్యాండమ్‌కు ఒక స్థిరమైన సీడ్ ఇచ్చి, ప్రధాన థ్రెడ్‌లోనే గుంటల వరుసలో ఎనిమిదిసార్లు స్ప్లిట్ చేసి (ప్రతిసారీ ఒక కొత్త జనరేటర్‌ను విడదీసి), ఒక్కోదాన్ని ఒక్కో గుంటకు అప్పగించండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇదే.

ఓటీపీలకు, పాస్‌వర్డ్ టోకెన్లకు మాత్రం ఇవేవీ వద్దు, ఊహించడానికి వీల్లేని సంఖ్యలిచ్చే జావా సెక్యూర్‌ర్యాండమ్‌నే వాడండి. జావాలోని మామూలు ర్యాండమ్ వరుసగా ఇచ్చిన రెండు పూర్తి 32 బిట్ల సంఖ్యలు తెలిస్తే చాలు, తర్వాతి వాటిని లెక్కగట్టవచ్చు.

అసలు లెక్క మొదలుపెట్టే ముందు ఒక్కో గుంటకు వచ్చే మొదటి ఐదు సంఖ్యలను పక్కపక్కన ముద్రించి చూడండి. నా మూడు గుంటల సంగతి అలా చూసి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.