జర్మనీ వస్తున్నారా, ముందు పోస్ట్‌బాక్స్ మీద పేరు అంటించండి

ఆగస్టు దాటిందంటే చాలు నా వాట్సాప్ మోగుతూనే ఉంటది, అన్నా అక్టోబర్ ఇన్‌టేక్‌కి వస్తున్నా ఏమేం తెచ్చుకోవాలి, రూమ్ దొరుకుద్దా, పార్ట్‌టైమ్ ఎన్ని రోజుల్లో వస్తది, అందరివీ అవే ప్రశ్నలు. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఒకేసారి కూర్చుని రాసేస్తున్నా. నాది ఖమ్మం, మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేసి ఇప్పుడు స్టుట్‌గార్ట్ పక్కన ఉద్యోగం చేస్తున్నా, కాబట్టి ఇది ఎక్కువగా స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్ళకే పనికొస్తది, జాబ్ మీద వచ్చేవాళ్ళకి సగం పనులు కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళే చూస్కుంటారు.

టైటిల్ చూసి నవ్వుకున్నారేమో, నేను మాత్రం అప్పుడు నవ్వలేదు. దిగిన నాలుగో రోజు బ్యాంక్ అకౌంట్‌కి అప్లై చేశా, కార్డు పోస్ట్‌లో వస్తది అన్నారు, రెండు వారాలైనా రాలేదు, మూడో వారం కూడా రాలేదు, ఇండియాలో డబ్బులు వేసుకుని తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు అడుగంటుతోంది. ఒకరోజు మెట్ల దగ్గర మూడో అంతస్తు ముసలావిడ నన్ను ఆపి జర్మన్‌లో ఏదో చెప్తోంది, నాకు ముక్క అర్థం కాలేదు, చివరికి నన్ను కిందకి తీసుకెళ్ళి మా పోస్ట్‌బాక్స్ మీద వేలు పెట్టి చూపించింది. దాని మీద మాకంటే ముందు ఉన్నవాళ్ళ పేరే ఉంది. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్‌కి నంబరే ఉండదు, పోస్ట్‌మ్యాన్ పేరు చూసే వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోద్ది, అంతే. నా కార్డు వెనక్కి పోయింది, ట్యాక్స్ నంబర్ ఉత్తరమూ వెనక్కి పోయింది. కాబట్టి తాళాలు చేతికొచ్చిన రోజే తెల్ల కాగితం మీద పేరు రాసి పోస్ట్‌బాక్స్ మీదా కాలింగ్ బెల్ మీదా సెల్లోటేప్‌తో అంటించండి. ఏ పేరు అంటే పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ అని ఏది పడిందో అది, అంటే మన ఇంటిపేరు. ఊళ్ళో ఎవరూ పిలవని ఆ ఇంటిపేరుతోనే ఇక్కడ ఆఫీసుల్లో, హాస్పిటల్లో అందరూ పిలుస్తారు, మొదట్లో నన్నే పిలుస్తున్నారని తెలియక నా వంతు పోగొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇక అసలు వరుస. జర్మనీలో ప్రతి పనీ ఇంకో పని మీద ఆధారపడి ఉంటది, అన్నిటికీ మూలం అన్మెల్డుంగ్, అంటే నేను ఫలానా ఇంట్లో ఉంటున్నా అని మున్సిపాలిటీ లాంటి ఆఫీసులో రాయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చెయ్యాలి. దానికి పాస్‌పోర్ట్‌తో పాటు ఓనర్ సంతకం పెట్టిన ఒక ఫారం కావాలి, పేరు వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్, పలకడానికి ట్రై చెయ్యకండి, ఫోన్‌లో రాసి ఓనర్‌కి చూపించండి చాలు. రెంట్ అగ్రిమెంట్ చూపిస్తే సరిపోదు, ఆ ఫారమే కావాలి. పెద్ద సిటీల్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం, దాన్ని టెర్మీన్ అంటారు, ఆ మాట ఇప్పుడే నేర్చుకోండి రోజుకి పదిసార్లు వాడతారు, పొద్దున్నే ఆఫీసు తెరిచే టైమ్‌కి సైట్ రిఫ్రెష్ చేస్తూ ఉంటే ఎవరో క్యాన్సిల్ చేసుకున్నది తగులుద్ది. అన్మెల్డుంగ్ అయ్యాక 11 అంకెల ట్యాక్స్ ఐడీ పోస్ట్‌లో వస్తది, అది ఇవ్వకుండా జాబ్‌లో చేరితే ఆరో క్లాస్ ట్యాక్స్, అంటే అన్నిటికన్నా ఎక్కువ కోసే రకం కింద కోసేస్తారు, తర్వాత వెనక్కి వస్తది గానీ మొదటి జీతం చూసి గుండె ఆగినంత పనవుద్ది.

బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఖర్చులకి డబ్బుందని వీసా కోసం చూపించే అకౌంట్‌లో, ఏడాదికి 11,904 యూరోలు వేసే వస్తారు కదా, ఆ డబ్బులన్నీ దిగగానే చేతిలో పడతాయి అనుకోకండి, నెలకి 992 చొప్పున వదులుతారు, అదీ ఇక్కడ మామూలు అకౌంట్ తెరిచి లింక్ చేశాకే. మొదటి నెల అద్దె, డిపాజిట్, దుప్పట్లు, గిన్నెలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి, కాబట్టి కనీసం రెండు నెలల ఖర్చు విడిగా ఫారెక్స్ కార్డులో పెట్టుకుని రండి. హెల్త్ ఇన్సూరెన్స్ గవర్నమెంట్ టైపుదే తీసుకోండి, స్టూడెంట్ రేటు 30 ఏళ్ళ వరకే, అది దాటినవాళ్ళు బయల్దేరే ముందే లెక్క చూసుకోవాలి. వీసా మీద ఉన్న డేట్ అయిపోకముందే రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలి, ఆ పర్మిట్ ఇచ్చే ఆఫీసు నుంచి జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, అప్లై చేసిన మెయిల్, స్క్రీన్‌షాట్ అన్నీ దాచుకోండి.

రూమ్ సంగతి. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చెయ్యండి, వీసా వచ్చాక చేద్దాంలే అనుకుంటే వెయిటింగ్ లిస్ట్ కింద నలిగిపోతారు. బయట వెతికేటప్పుడు అద్దె రెండు రకాలు రాస్తారు, కాల్ట్ అంటే ఉత్త అద్దె, వార్మ్ అంటే హీటింగు, నీళ్ళు వగైరా కలిపి, మీరు చూడాల్సింది వార్మ్. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దె కంటే ఎక్కువ అడగకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. మోసాలు ఎక్కువ ఇక్కడే జరుగుతాయి. సిటీ మధ్యలో పెద్ద రూమ్, అద్దె మాత్రం చవక, ఓనర్ ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాడంట, డబ్బులు పంపితే తాళం కొరియర్ చేస్తాడంట, ఇలాంటిది వస్తే మళ్ళీ రిప్లై కూడా ఇవ్వకండి. రూమ్ కళ్ళతో చూడకుండా, మీరు రాలేకపోతే ఆ ఊళ్ళో ఉన్న సీనియర్ ఎవరైనా వెళ్ళి చూడకుండా, పైసా పంపొద్దు. ఇంకోటి, కొంతమంది రూమ్ ఇస్తారు గానీ అన్మెల్డుంగ్ కుదరదు అంటారు, రెండు వారాలు తలదాచుకోవడానికి ఓకే, అంతకుమించి అయితే పైన చెప్పిన వరుస మొత్తం ఆగిపోద్ది.

మనవాళ్ళతో కలిసి ఉండాలా వేరే దేశాలవాళ్ళతో ఉండాలా అని అడుగుతారు. మొదటి సెమిస్టర్ మనవాళ్ళతో ఉండండి, జ్వరమొస్తే జావ కాచి ఇచ్చేది వాళ్ళే. ఆ తర్వాత కూడా నలుగురు తెలుగువాళ్ళే ఒకే కిచెన్‌లో ఉంటే రెండేళ్ళకీ జర్మన్ రాదు, నాకు అలాగే రాలేదు, మూడో సెమిస్టర్‌లో ఒక జర్మన్ అబ్బాయితో షేరింగ్‌కి మారాకే నోరు తిరిగింది. వంట విషయంలో ఒక జాగ్రత్త, ఇళ్ళల్లో సీలింగ్‌కి పొగ అలారం ఉంటది, ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు కిటికీ తీసి, వంటింటి తలుపు మూసి వెయ్యండి. అలారం మోగుతోందని బ్యాటరీ పీకేసే మహానుభావులు ఉన్నారు, అది మాత్రం చెయ్యొద్దు.

పని గురించి. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ చేసుకోవచ్చు, 2026 జనవరి నుంచి గంటకి కనీసం 13.90 యూరోలు ఇవ్వాలి, అంతకన్నా తక్కువిస్తూ చేతికి క్యాష్ ఇస్తా అనేవాళ్ళ దగ్గరకి పోకండి, ఆ ఓనర్ మనవాడైనా సరే, మనవాడైతే అసలే పోకండి. వేరేవాళ్ళ అకౌంట్ అద్దెకి తీసుకుని ఫుడ్ డెలివరీ చెయ్యడం ఒకటి నడుస్తోంది, దొరికితే పోయేది ఆ రోజు సంపాదన కాదు, వీసా. వచ్చిన కొత్తలో వేర్‌హౌస్‌లో ప్యాకింగ్, రెస్టారెంట్‌లో గిన్నెలు, ఏదైనా చెయ్యండి, సిగ్గేం లేదు, నేనూ తెల్లవారుజామున నాలుగున్నర షిఫ్ట్‌కి మంచులో సైకిల్ తొక్కా. కాకపోతే రెండో సెమిస్టర్ నుంచి చదివే ఫీల్డ్‌లోనే వెర్క్‌స్టూడెంట్ పోస్ట్, అంటే చదువుకుంటూ కంపెనీలో చేసే పార్ట్‌టైమ్ పోస్ట్ కోసం వెతకాలి, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు చెయ్యొచ్చు, డిగ్రీ అయ్యాక జాబ్ ఇచ్చేది చాలావరకు అదే కంపెనీ. ప్రొఫెసర్ల దగ్గర హీవి అని చిన్న అసిస్టెంట్ జాబులుంటాయి, డిపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డ్ చూడండి, క్లాస్ అయ్యాక నేరుగా వెళ్ళి అడగండి, ఇక్కడ సార్ ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. చదువైపోయాక జాబ్ వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు, చాలా టైమ్ ఉన్నట్టు అనిపిస్తది గానీ జర్మన్‌లో బీవన్ (B1) లెవెల్, అంటే రోజువారీ మాటలకి సరిపోయే భాష కూడా లేకుండా ఉంటే అది ఇట్టే కరిగిపోద్ది.

జర్మన్లు పరిచయాల మీద దొరికే ఉద్యోగాన్ని వైటమిన్ బి అంటారు, వాళ్ళ భాషలో సంబంధాలు అనే మాట ఆ అక్షరంతో మొదలవుద్ది. మన దగ్గర రికమెండేషన్ అంటే తప్పుడు పనిలా చూస్తాం, ఇక్కడ రిఫరల్ మామూలే, కాకపోతే అడిగే పద్ధతి ఉండాలి. నాకు రోజూ వచ్చే మెసేజ్ ఇది, హాయ్ అన్నా, జాబ్ ఏమైనా ఉంటే చెప్పు. దీనికి నేనేం చెప్పాలి? మొన్న ఒక చెల్లి ఇలా పెట్టింది, అన్నా మీ కంపెనీ సైట్‌లో టెస్టింగ్ వెర్క్‌స్టూడెంట్ పోస్ట్ చూశా, లింక్ ఇదే, సీవీ పెట్టా, ఇలాంటి ప్రాజెక్టే కాలేజ్‌లో పైథాన్‌తో చేశా, ఆ టీమ్‌లో ఎవరైనా తెలిస్తే పంపుతారా, తెలియకపోయినా పర్లేదు. పది నిమిషాల్లో ఫార్వర్డ్ చేశా. సలహా అడిగినా అంతే, ఏం చెయ్యాలి అన్నా అని కాకుండా, ఇది చదివా, ఇది చేశా, ఇక్కడ ఆగింది అని అడగండి, ఎవరైనా జవాబిస్తారు. వీసా రూల్స్ మాత్రం నాతో సహా ఏ అన్ననీ నమ్మొద్దు, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడగండి, రూల్స్ ఏటా మారుతుంటాయి, సీనియర్ చెప్పేది సీనియర్ వచ్చిన ఏడాది రూలు.

ఫ్రెండ్స్ కావాలంటే క్లబ్‌లో చేరండి, ఇక్కడ ఫెరైన్ అంటారు, ఫుట్‌బాల్‌కి, చెస్‌కి, తోటపనికి, దేనికైనా ఒక ఫెరైన్ ఉంటది, ప్రతి వారం అదే టైమ్‌కి అవే మొహాలు, ఆరునెలలకి వాళ్ళే ఇంటికి పిలుస్తారు. ఏడింటికి అంటే ఏడింటికే వెళ్ళండి, మన ఏడు కాదు. జర్మన్ నేర్చుకోడానికి ఫోల్క్స్‌హోఖ్‌షూలె, అంటే ఊళ్ళో పెద్దవాళ్ళకి కోర్సులు నడిపే సెంటర్, అక్కడి క్లాసులు ప్రైవేట్ వాటికన్నా చవక. మనవాళ్ళ ఉగాది, బతుకమ్మ, వినాయక చవితి చాలా సిటీల్లో జరుగుతాయి. గుడి అంటే హామ్ ఊళ్ళో శ్రీలంక తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి గుడి ఉంది, గోపురం చూస్తే ఒక్క క్షణం మన దేశంలో ఉన్నట్టే ఉంటది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుక్కే చీకటి పడుద్ది, అప్పుడు మనసు బాలేకపోవడం మామూలే, రూమ్‌లో తలుపేసుకుని పడుకోకుండా ఎవరికో ఒకరికి చెప్పండి, యూనివర్సిటీల్లో కౌన్సెలర్ దగ్గరకి ఫ్రీగా వెళ్ళొచ్చు.

ఉత్తరాల గురించి ఇంకోసారి. ప్రతి కవర్ తెరవండి, అర్థం కాకపోతే ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసుకోండి. పసుపు కవర్ వస్తే అది ఆఫీసు నుంచో కోర్టు నుంచో వచ్చింది, మీద పోస్ట్‌మ్యాన్ రాసిన తారీకు నుంచి గడువు మొదలవుద్ది, కవర్ పారెయ్యొద్దు. అన్మెల్డుంగ్ అయిన కొన్నాళ్ళకి రేడియో టీవీ ఫీజు కట్టమని వస్తది, నెలకి 18.36, నా దగ్గర టీవీ లేదు అంటే కుదరదు, కానీ అది ఇంటికి ఒకటే, ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ళ నంబర్ రాసి మిగతావాళ్ళు పంపితే సరిపోద్ది. మా వాడొకడు చెత్తబుట్టలో వేస్తూ పోయి చివరికి పెనాల్టీతో కట్టాడు. ఫోన్, జిమ్ కాంట్రాక్ట్‌లు రెండేళ్ళవి అంటగడతారు, మొదట్లో ప్రీపెయిడ్ సిమ్ చాలు. టికెట్ లేకుండా ట్రామ్ ఎక్కితే 60 యూరోలు.

సామాన్లలో ప్రెషర్ కుక్కర్, మందులు ప్రిస్క్రిప్షన్‌తో, రెండు జతల కళ్ళజోళ్ళు తెచ్చుకోండి, పళ్ళ డాక్టర్‌కి ఇండియాలోనే చూపించుకుని రండి. ఆవకాయ, గోంగూర పచ్చడి ఓకే, చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి యూరప్‌లోకి తేకూడదు, పచ్చి కరివేపాకు కూడా అంతే, అమ్మ ప్రేమగా పెట్టింది కస్టమ్స్ వాళ్ళు బకెట్‌లో పడేస్తుంటే చూడలేం. సోనా మసూరి గురించి దిగులొద్దు, ఏషియన్ షాపుల్లో దొరుకుద్ది.

ఇంకా టికెట్ బుక్ చెయ్యకపోతే శనివారం రాత్రి దిగేలా చెయ్యకండి. ఆదివారం షాపులన్నీ బంద్, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని తెరిచి ఉంటాయి గానీ రేట్లు మండిపోతాయి. తప్పదంటే కిలో ఉప్మా రవ్వ, పోపు సామాన్లు పెట్టెలో పైనే పెట్టుకోండి, అడుగున పెడితే ఆకలి మీద మొత్తం తిరగెయ్యాల్సి వస్తది.