కరోనా కాలంలో ఇక్కడ చిక్కుకుపోయిన రోజులను హెచ్‌-1బీ గడువులో తిరిగి కలుపుకోవడం: దరఖాస్తు విధానం

గత నెలలో మిర్యాలగూడ వైపు నుండి ఒక పెద్దాయన తన కుమారుని పాత పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని నా వద్దకు వచ్చారు. కుమారుడు అమెరికాలో హెచ్‌-1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాడు. ఆరేళ్ల గడువు దగ్గర పడింది. 2021 వేసవిలో ఇంటికి వచ్చి నెలల తరబడి ఇక్కడే ఉండిపోయాడు కనుక, ఆ రోజులను తిరిగి ఇప్పించే "రికాప్చర్ సర్టిఫికెట్" తెప్పిస్తామని పట్టణంలోని ఒక కన్సల్టెన్సీ వారు అరవై వేలు అడిగారట. సగం కట్టి వచ్చారు. అటువంటి సర్టిఫికెట్ అమెరికా ప్రభుత్వం ఎవరికీ ఇవ్వదు. రోజులు కలుపుకునే హక్కు మాత్రం నిజంగా ఉంది, దానికి విడిగా ఫీజు లేదు.

హెచ్‌-1బీపై గరిష్ఠంగా ఆరేళ్లు ఉండవచ్చు అన్నప్పుడు లెక్కకు వచ్చేవి అమెరికా గడ్డపై ఉన్న రోజులే. బయట గడిపిన ప్రతి పూర్తి రోజును గడువు చివర చేర్చమని అడగవచ్చు. ఎందుకు బయట ఉన్నారన్నది ఎవరూ అడగరు: పెళ్లికి వచ్చినా, తండ్రి ఆపరేషనుకు వచ్చినా, కరోనా వల్ల ఆగిపోయినా ఒక్కటే. 2020 మార్చిలో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అప్పుడున్న కాన్సులేటు సాధారణ వీసా సేవలను నిలిపివేసినప్పటి నుండి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) కోసం ఎదురుచూసినవారు, అదే ఏడాది జూన్‌లో అమెరికా అధ్యక్షుడు చేసిన ప్రకటనతో కొత్త హెచ్‌-1బీ వీసాలు 2021 మార్చి ఆఖరు వరకు ఆగినప్పుడు మిగిలిపోయినవారు, 2021 మే 4 నుండి నవంబరు 8 వరకు భారతదేశం నుండి నేరుగా వచ్చేవారిపై విధించిన నిషేధంలో చిక్కినవారు, అందరికీ ఈ నియమం వర్తిస్తుంది. ఆ నిషేధాన్ని దాటడానికి మెక్సికో వంటి మూడో దేశంలో పద్నాలుగు రోజులు గడిపి వెళ్లినవారికి ఆ పద్నాలుగు రోజులూ బయటి రోజులే అవుతాయి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. నల్లగొండలో, పాలమూరులో ఇంటి మేడ గదిలో లాప్‌టాప్ పెట్టుకుని రాత్రంతా అమెరికా కంపెనీకి పని చేసినవారు, జీతం తీసుకున్నాం కాబట్టి ఆ రోజులు పోయినట్టేనని అనుకుంటున్నారు. పోలేదు. జీతం ఎవరు ఇచ్చారు, ఏ దేశపు పే రోల్‌పై ఇచ్చారు అన్న దానితో ఈ లెక్కకు సంబంధం లేదు; మనిషి ఎక్కడ ఉన్నాడన్నదే చూస్తారు. అయితే భారతదేశంలో కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతంపై ఇక్కడి ఆదాయపు పన్ను ప్రశ్న ఉంటుంది. ఏడు నెలలు ఇక్కడే ఉన్నానని ఒక ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పబోయే ముందు, ఆ సంవత్సరపు రిటర్నులో ఏం చెప్పారో చార్టర్డ్ అకౌంటెంటుతో ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషను) ఆమోదం పొంది గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారికి ఆరేళ్ల తరువాత కూడా మూడేళ్ల పొడిగింపు దొరుకుతుంది కాబట్టి వారికి ఈ రోజులతో పెద్ద పని లేదు. గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన పర్మ్ (అమెరికా కార్మిక శాఖ అనుమతి) దరఖాస్తు ఆలస్యమైన వారికే ఇవి ప్రాణంతో సమానం. పర్మ్ వేసి 365 రోజులు నిండితే ఏడాదికొకసారి పొడిగింపు అడగవచ్చు. ఆ 365 నిండే వరకు లాక్కురావడానికి ఆరేడు నెలలు తక్కువ పడినవారిని ఈ రోజులే గట్టెక్కిస్తాయి.

దరఖాస్తు ఉద్యోగి వేయలేడు, ఇంట్లోవారు అసలే వేయలేరు. కంపెనీయే తన లాయరు ద్వారా ఐ-129 ఫారంలో పొడిగింపు కోరుతూ, అందులోనే బయటి రోజులను చూపిస్తుంది. గడువుకు ఆరు నెలల ముందు నుండి వేయవచ్చు. చేతిలోని ఐ-94 (అమెరికాలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే ప్రవేశ పత్రం) గడువు దాటకముందే వేయాలి. మళ్లీ లాటరీ అవసరం లేదు. ఇంతవరకు కష్టమేమీ లేదు.

దరఖాస్తులు ఆగేది రుజువు దగ్గర. రోజులు నిరూపించే బాధ్యత పూర్తిగా అడిగేవారిదే. ఏ రోజుకు ఆధారం లేదో ఆ రోజు ఇవ్వరు, లేదా ఆర్‌ఎఫ్‌ఈ అనే నోటీసు పంపి అదనపు ఆధారాలు అడుగుతారు. అమెరికా నుండి బయలుదేరేటప్పుడు అక్కడి అధికారులు పాస్‌పోర్టుపై ముద్ర వేయరు. కాబట్టి దేశం విడిచిన తేదీకి కాగితంపై గట్టి సాక్షి శంషాబాద్‌లో దిగినప్పుడు వేసిన ముద్రే. అది పాత పాస్‌పోర్టులో ఉంటుంది. కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు పాతదానికి మూల కత్తిరించి తిరిగి ఇచ్చేస్తారు. ఇక పనికిరాదనుకుని దానిని ఊళ్లో వదిలేసి వెళతారు. ఆ పెద్దాయన ఇంట్లో అది బీరువాలో పట్టాదారు పాస్‌పుస్తకాల అడుగున దొరికింది. పేజీ తిప్పి చూస్తే ముద్ర సగం వీసా అంచుపై పడి, తేదీలోని మొదటి అంకె 1 అవునా 2 అవునా తెలియకుండా ఉంది. అలాంటప్పుడు ఆ ఒక్క పేజీ కాకుండా పాస్‌పోర్టు మొత్తం, ఖాళీ పేజీలతో సహా, రంగులో స్కాన్ చేసి పంపాలి.

రెండో ఆధారం అమెరికా సరిహద్దు శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే ఐ-94 ప్రయాణ చరిత్ర. మనవాళ్లు ఇక్కడ రెండు చోట్ల తడబడతారు. ఒకటి, కొత్త పాస్‌పోర్టు నంబరుతో వెతికి ఏమీ కనిపించక కంగారు పడడం. పాత నంబరుతోనూ వెతకాలి. రెండోది పేరు. పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాపై ముందు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ముందు పేరు తెలియదు) అని పడి, అసలు పేరంతా ఇంటి పేరు గడిలోకి వెళుతుంది. వీసాపై ఎలా ఉందో అలాగే టైపు చేయాలి.

విమానం టికెట్టు ఒక్కటే చాలదు, ఎందుకంటే కొన్నంత మాత్రాన ఎక్కినట్టు కాదు. బోర్డింగ్ పాసు, ప్రయాణానికి ముందు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు తోడుగా పనికివస్తాయి. కోవిన్ టీకా ధ్రువపత్రం కూడా అంతే: తేదీ, టీకా వేసిన ఊరు అందులో ఉంటాయి కనుక, ఆ రోజు ఆ మనిషి నల్లగొండ జిల్లాలోనే ఉన్నాడని అది చెబుతుంది. బోర్డింగ్ పాసు లేకపోతే "తయారు చేసి ఇస్తాం" అనేవారు కూడా ఉన్నారు. ఆ మాట విన్న చోటనే లేచి రావాలి. తప్పుడు పత్రం పట్టుబడితే పోయేది నాలుగు రోజులు కాదు, జీవితకాలం అమెరికా ప్రవేశమే మూసుకుపోవచ్చు.

లెక్కలో బయలుదేరిన రోజు, తిరిగి దిగిన రోజు చేర్చకూడదు; ఆ రెండు రోజులూ కొంతసేపు అమెరికాలో ఉన్నట్టే. ఉదాహరణకు 2021 ఏప్రిల్ 18 సాయంత్రం న్యూయార్క్‌లో విమానం ఎక్కి, నవంబరు 14న తిరిగి అక్కడ దిగినవారికి ఏప్రిల్ 19 నుండి నవంబరు 13 వరకు 209 రోజులు వస్తాయి. 211 అని రాస్తే ఆ రెండు రోజులు కొట్టివేయడమే కాక, మిగతా పట్టికను కూడా అనుమానంగా చూస్తారు. 2021 ప్రయాణంతో ఆగకుండా, హెచ్‌-1బీ మొదలైన నాటి నుండి సంక్రాంతికో బతుకమ్మకో వచ్చిన ప్రతి ప్రయాణాన్నీ ఒక్కో వరుసలో రాసి, ఎదురుగా ఏ పేజీలో ఏ ముద్ర ఉందో సూచించి లాయరుకు ఇవ్వాలి.

హెచ్‌-4పై ఉన్న భార్య లేదా భర్త, పిల్లలకు ఈ పొడిగింపు దానంతట అది రాదు. వారికి ఐ-539 ఫారం విడిగా వేయాలి. ఆమోద పత్రం వచ్చాక దాని కింది భాగంలోని ఐ-94లో గడువు తేదీని మీ పట్టికతో సరిపోల్చుకోవాలి, అడిగినన్ని రోజులు ఇవ్వకపోయినా పైన ఆమోదం అనే రాసి ఉంటుంది.